కుర్చీ, గద్దె, చెప్పులు: నిజాం మహళ్ళ గృహోపకరణాలలో వలసపాలన జాడలు

వ్యాససంగ్రహం

హైదరాబాదు అసఫ్‌జాహీ ప్రభువుల మహళ్ళలో నేడు కనిపించే కుర్చీలు, భోజనపు బల్లలు, దీపగుచ్ఛాలు, దుస్తుల అలమారలు "నిజాముల వైభవం" అన్న ఒకే మాట కింద చేరిపోతున్నాయి. ఈ సామాను ప్రభువుల అభిరుచిగా రాకముందు బ్రిటిష్ అధికారం పెట్టిన షరతుగా వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1869లో కొలువులోకి ప్రవేశించిన కుర్చీని ఆధారబిందువుగా తీసుకొని ఖిల్వత్, ఫలక్‌నుమా, పురానీ హవేలీలలోని వస్తువులను, వాటిని పిలిచే తెలుగు మాటలను, విశాఖపట్నం దంతపు పనిని, తెలంగాణ గడీల ముందు అమలైన చెప్పుల నియమాన్ని కలిపి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నిజాం, రెసిడెంటు, కుర్చీ, ఖిల్వత్, ఫలక్‌నుమా, పురానీ హవేలీ, భౌతిక సంస్కృతి, గడీ.

1. ఉపోద్ఘాతం

ఇంటికి వచ్చినవారికి ముందుగా పీట వేయడం తెలుగువారి మర్యాద. ఎవరికి ఏ పీట వేశామన్నది వారికి మనమిచ్చే గౌరవానికి కొలత. అందుకే ప్రాధాన్యమివ్వడాన్ని "పెద్దపీట వేయడం" అంటున్నాం. గడప బయట చెప్పులు విడవడం, లోపలికొచ్చాక చూపిన చోట కూర్చోవడం అన్న రెండు చర్యలతో వచ్చినవాడు ఆ ఇంటి క్రమాన్ని అంగీకరించినట్టే. ఈ దృష్టితో చూస్తే కూర్చునే వస్తువు కేవలం సౌకర్యం కాదు. అది ఇద్దరు మనుషుల మధ్య ఉన్న అంతరాన్ని పదిమందికీ కనిపించేలా చేసే సాధనం.

రాజుల ఇళ్ళలో ఈ మర్యాదే రాజనీతి అవుతుంది. గృహోపకరణాలను చరిత్రకు ఆధారాలుగా చదవడం తెలుగు పరిశోధనలో ఇంకా విరివిగా జరగవలసిన పని. శాసనాలు, కైఫీయతులు, ఫర్మానాలు మనకు సుపరిచితమైన ఆధారాలు. కుర్చీ, బల్ల, అలమార వంటివి మాత్రం ఎక్కువగా మ్యూజియం జాబితాలకు, పర్యాటక కరపత్రాలకు పరిమితమయ్యాయి. ఆ జాబితాలలో పొడవు, బరువు, తయారైన దేశం ఉంటాయి. ఆ వస్తువు మీద ఎవరు కూర్చున్నారు, ఎదుట ఎవరు నిలబడ్డారు, అది రాకముందు అక్కడ ఏముండేది అన్న ప్రశ్నలకు చోటుండదు. హైదరాబాదు నిజాముల ఇంటి సామానును ఈ మూడు ప్రశ్నలతో చదవడమే ఈ వ్యాసోద్దేశం.

2. నేలమీది కొలువు

అసఫ్‌జాహీ కొలువు నేలమీది కొలువు. తివాచీ, దానిపై తెల్లని పరుపు గుడ్డ, ప్రభువు కూర్చునే మస్నదు, వెనుక ఆనుకునే బాలీసు, పక్కన హుక్కా, పాందాను, అత్తరుదాను ఆ కొలువు ప్రధాన సామగ్రి. అక్కడ హోదాను తెలిపేది ఆసనం ఎత్తు ఒక్కటే కాదు, ప్రభువుకు ఎంత దూరంలో, ఏ పక్కన కూర్చున్నారన్నది కూడా. మస్నదుకు దగ్గరైనవాడు పెద్ద, దూరమైనవాడు చిన్న. చోటు లేనివాడు నిలబడతాడు.

చౌమహల్లా ప్రాసాదంలోని ఖిల్వత్ ముబారక్ ఈ పద్ధతికి నేటికీ నిలిచివున్న సాక్ష్యం. 18వ శతాబ్దిలో మొదలైన ఈ ప్రాసాద నిర్మాణం 5వ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, 1857-1869 మధ్య పూర్తయింది. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్ అనే నాలుగు మహళ్ళే దీని పేరుకు మూలం. ఖిల్వత్ దర్బారులో ప్రభువు ఆసనానికి ఆధారం పాలరాతి వేదిక. వేదికపై పరచిన పరుపే సింహాసనం. నేలమీద కూర్చునే అలవాటును వదలకుండా దాన్నే ఎత్తు చేసిన నిర్మాణమిది. పైన వేలాడేవి మాత్రం ఐరోపా గాజు దీపగుచ్ఛాలు. అంటే ఐరోపా వస్తువు కొలువులోకి రావడానికి మొదటినుంచీ అభ్యంతరం లేదు. అది కప్పునుంచి వేలాడినంతవరకు కొలువు క్రమం చెడలేదు. నేలమీదికి దిగి, నాలుగు కాళ్ళమీద నిలబడి, ప్రభువు ఎదుట మరొకరిని కూర్చోబెట్టినప్పుడే చిక్కు వచ్చింది.

ఈ కొలువుకు బ్రిటిష్ రెసిడెంట్లు చాలాకాలం తలవంచారు. 1798లో సైన్యసహకార ఒప్పందం కుదిరిన తరువాత కూడా రెసిడెంటు, ఆయన వెంట వచ్చే అధికారులు పాదరక్షలు విడిచి, నేలపై కూర్చునే నిజాంను దర్శించేవారు. 1798 నుంచి 1805 వరకు రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నతవర్గాల వేషభాషలను తన ఇంట్లోనే పాటించాడు. అదే కిర్క్‌పాట్రిక్ మూసీకి ఉత్తరాన ఎత్తయిన స్తంభాలతో, ఐరోపా శైలిలో రెసిడెన్సీ భవనాన్ని కట్టించాడు. ఆ భవనానికి ఖర్చు పెట్టింది నిజాం. దానితో నగరంలో ఒకే నదికి రెండు గట్ల మీద రెండు కూర్చునే పద్ధతులు ఏర్పడ్డాయి. ఉత్తరపు గట్టున కుర్చీ, దక్షిణపు గట్టున మస్నదు. నది దాటిన ఆంగ్లేయుడు బూట్లు విడవాలి. సుమారు ఏడు దశాబ్దాలపాటు ఈ ఏర్పాటు కొనసాగింది.

3. 1869: షరతుగా వచ్చిన కుర్చీ

1869 ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా మరణించాడు. వారసుడు మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి రెండున్నరేళ్ళు. దివాను మొదటి సాలార్‌జంగు, అమీర్-ఎ-కబీర్ ఉమ్మడి సంరక్షకులుగా పాలనా బాధ్యత స్వీకరించారు. ఆ సమయంలో రెసిడెంటుగా ఉన్న సి. బి. సాండర్స్ కొత్త ప్రభువు పట్టాభిషేకానికి తానూ తన అధికారులూ బూట్లతోనే వస్తామని, కుర్చీలపైనే కూర్చుంటామని పట్టుబట్టాడు. ఆ పట్టుదల నెగ్గింది. నిజాం దర్బారులో ఆంగ్లాధికారులు పాదరక్షలతో, కుర్చీలపై కూర్చోవడం అప్పటినుంచి నియమమైంది.

ఈ ఘటన జరిగిన సందర్భాన్ని విడిగా గమనించాలి. సమర్థుడైన ప్రభువు మస్నదుపై ఉన్నంతకాలం సాధ్యం కాని మార్పు, మాటలు కూడా పూర్తిగా రాని పసివాడు కూర్చున్ననాడు సాధ్యమైంది. దాని వెనుక ఉన్న రాజకీయ స్థితీ తెలిసినదే. హైదరాబాదు కంటింజెంటు సైన్యపు ఖర్చుల కింద పేరుకున్న బాకీని చూపి 1853 ఒప్పందం ద్వారా బేరారు, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలను కుంపిణీ తన అధీనంలోకి తీసుకుంది. 1857 తిరుగుబాటులో నిజాం ప్రభుత్వం బ్రిటిష్ పక్షాన నిలిచినందుకు 1860 ఒప్పందంలో రాయచూరు, ధారాశివ్ తిరిగివచ్చాయి. బేరారు మాత్రం రాలేదు. ప్రాంతం, సైన్యం, ఖజానా అప్పటికే రెసిడెంటు కనుసన్నలలోకి వెళ్ళాయి. కూర్చునే పద్ధతి ఒక్కటే పాత అధికారానికి గుర్తుగా మిగిలింది. 1869లో అదీ మారింది.

చెప్పుల వివాదం ఒక్క హైదరాబాదుకు పరిమితమైనది కాదు. బర్మా రాజు దర్బారులో బ్రిటిష్ రాయబారులు బూట్లు విడవాలన్న నియమంపై 1875లో ఫోర్సిత్ రాయబారం తరువాత తీవ్రమైన ప్రతిష్టంభన ఏర్పడింది. వలసపాలనలో దుస్తులకు, దర్బారు ఆచారాలకు ఉన్న రాజకీయార్థాన్ని బెర్నార్డ్ కోన్ వంటి మానవశాస్త్రవేత్తలు విస్తృతంగా చర్చించారు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన సభలో సంస్థానాధీశులను వైస్రాయి లిట్టన్ వేదిక ఎదుట అర్ధచంద్రాకారంగా అమర్చిన ఆసనాలపై కూర్చోబెట్టారు. ఐరోపా పద్ధతి కులచిహ్నాలున్న పతాకాలను వారికి బహూకరించారు. పదేళ్ళ మహబూబ్ అలీ ఆ సభలో పాల్గొన్నాడు. తన కొలువులో అతిథి కుర్చీపై కూర్చున్న ఎనిమిదేళ్ళకు, అతిథి కొలువులో తానే అతడు చూపిన ఆసనంపై కూర్చున్నాడు. ఆసనం చూపే హక్కు చేతులు మారింది.

4. ఫలక్‌నుమా: అతిథి కోసం అమర్చిన ఇల్లు

షరతుగా వచ్చిన వస్తువు ఒక తరంలోనే అలవాటుగా, ఆ తరువాత ప్రతిష్ఠగా మారిన క్రమానికి ఫలక్‌నుమా మంచి ఉదాహరణ. పైగా ప్రభువు బంధువర్గంలోని సర్ వికారుల్ ఉమ్రా 1884లో దీని నిర్మాణం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళకు పూర్తిచేశాడు. విలియం వార్డ్ మారెట్ దీని వాస్తుశిల్పి. 1890ల చివరలో ఈ భవనం 6వ నిజాం పరమైంది. అదే 1884 ఫిబ్రవరిలో మహబూబ్ అలీకి వైస్రాయి రిప్పన్ హైదరాబాదుకు వచ్చి పూర్తి పాలనాధికారాలు అప్పగించాడు. ప్రభువుకు అధికారమిచ్చేవాడు అతిథిగా వచ్చే కాలం మొదలైన ఏడే, అటువంటి అతిథులకు తగిన ఇంటికి పునాది పడింది.

ఈ ఇంటి సామాను పట్టిక దానికి అనుగుణంగానే ఉంది. 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనపు బల్ల, ఎత్తైన వీపుల కుర్చీలు, విండ్సర్ కోట గ్రంథాలయాన్ని పోలిన పుస్తకశాల, లండనులోని బరోస్ అండ్ వాట్స్ కంపెనీ బిలియర్డ్స్ బల్ల, ఇటలీ పాలరాతి మెట్లు ఇందులో ప్రధానమైనవి. 1906లో అప్పటి వేల్స్ యువరాజు, తరువాతి 5వ జార్జి, హైదరాబాదు వచ్చినప్పుడు ఇక్కడే బస చేశాడు.

బల్లమీది భోజనం తెచ్చిన మార్పు వంటకంలో కన్నా కూర్చునే క్రమంలో ఎక్కువ. దస్తర్‌ఖాను నేలమీద పరిచే గుడ్డ. వచ్చినవారిని బట్టి అది సాగుతుంది, ముడుచుకుంటుంది. ఇంకొకరు వస్తే జరిగి చోటిస్తారు. 101 కుర్చీల బల్లకు ఆ వెసులుబాటు లేదు. ఎవరి కుర్చీ వారిది, ఎవరి పళ్ళెం, కత్తి, ముల్లుగరిటె వారివి. బ్రిటిష్ ప్రభుత్వం తయారుచేసిన ప్రాధాన్యక్రమ పట్టికను బట్టి ఎవరి పక్కన ఎవరో ముందుగానే నిర్ణయమైపోతుంది. మస్నదు కొలువులో దూరం నిర్ణయించే అధికారం ప్రభువుది. విందు బల్ల దగ్గర ఆ నిర్ణయం కలకత్తాలో తయారైన కాగితానిది. ఆతిథ్యమిచ్చేది నిజామే అయినా, అతిథులను కూర్చోబెట్టేది పూర్తిగా ఆయన చేతిలో లేదు.

ఈ విందులకు, గదులకు మనకు మిగిలిన దృశ్యసాక్ష్యం లాలా దీన్ దయాళ్ ఛాయాచిత్రాలు. మహబూబ్ అలీ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆయనకు "రాజా ముసవ్విర్ జంగ్" బిరుదు దక్కింది. ఆయన తీసిన ప్రాసాద గదుల చిత్రాలలో మనుషులు లేని కుర్చీలు, బల్లలు, అద్దాలు బారులుగా కనిపిస్తాయి. ఆ గదులను చిత్రం కోసమే సర్దినట్టుంటుంది. రెసిడెంటును, వైస్రాయిని ఆహ్వానించగలిగిన ఇల్లు మాకూ ఉందని చూపడం ఆ సర్దుబాటు లక్ష్యం. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదు వచ్చాడు. ఏడాదికి 25 లక్షల రూపాయలకు బేరారును శాశ్వతంగా కౌలుకిచ్చే ఒప్పందం ఆ ఏడే కుదిరింది. ఎంత మంచి కుర్చీ వేసినా బేరారు తిరిగి రాలేదు.

5. పురానీ హవేలీ: లోపలి గది

అతిథికి కనిపించే గదులకు, ఇంటివారు బతికే గదులకు తేడా ఉంటుంది. మహబూబ్ అలీ నివసించిన పురానీ హవేలీలో అందరినీ ఆకర్షించే వస్తువు ఆయన దుస్తుల అలమార. భవనంలో ఒక పార్శ్వం పొడవునా, రెండు అంతస్తులుగా సాగిన ఈ కొయ్య నిర్మాణానికి చేత్తో తిప్పి నడిపే కొయ్య లిఫ్టు కూడా ఉంది. తొడిగిన బట్ట ప్రభువు మళ్ళీ తొడగడని నగరంలో ప్రతీతి.

ఈ అలమారలో ఐరోపా జాడ స్పష్టం. పాత పద్ధతిలో బట్టలు పెట్టెల్లో, మూటల్లో మడతలుగా ఉండేవి. వాటి బాధ్యత తోషాఖానా ఉద్యోగులది. తలుపులున్న అరల్లో బట్టలను నిలువుగా వేలాడదీయడం కోటు, పంట్లాము, షేర్వానీ వంటి కుట్టిన దుస్తుల అవసరం. దీనికి వాడారని చెప్పే బర్మా టేకు కూడా సామ్రాజ్యం సమకూర్చిన సరుకే. టేకు వ్యాపారం చేసే బ్రిటిష్ కంపెనీకి, బర్మా రాజుకు మధ్య వచ్చిన తగాదా 1885 యుద్ధానికి సాకైంది. ఆ యుద్ధంతో బర్మా రాజ్యమే అంతరించింది.

అయినా ఈ అలమారను అనుకరణ అని తోసిపుచ్చలేం. లండను పెద్దమనిషి గదిలో ఒక మూలకు సరిపోయే వస్తువును హైదరాబాదు ప్రభువు ఒక భవనమంత చేశాడు. తోషాఖానా అనే పాత సంస్థ కొత్త కొయ్య దేహాన్ని తొడుక్కుంది. పరాయి వస్తువు ఇంటి లోపలికి వచ్చాక ఇంటి కొలతకు మారడం ఇక్కడ చూస్తాం. ఫలక్‌నుమా బల్ల అతిథి క్రమాన్ని ఇంట్లోకి తెచ్చింది. పురానీ హవేలీ అలమార అతిథి వస్తువును ఇంటి క్రమానికి లొంగదీసింది. వలసపాలన జాడలన్నిటికీ ఒకే అర్థం చెప్పడం సరికాదనడానికి ఈ రెండు వస్తువుల మధ్య ఉన్న తేడా చాలు.

ఇదే ప్రాంగణంలో 2000లో ప్రారంభమైన నిజాం మ్యూజియంలో 7వ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవ సందర్భంలో ఉపయోగించిన, బంగారు పూత పూసిన కొయ్య సింహాసనం ఉంది. ఆ ఉత్సవం 1937లో జరిగింది. రెసిడెంటుకు కుర్చీ వేయవలసివచ్చిన 68 ఏళ్ళకు ప్రభువు తన ఉత్సవంలో తానే కాళ్ళు కిందికి వేలాడే ఆసనంపై కూర్చున్నాడు. ఖిల్వత్ పాలరాతి వేదికనుంచి ఈ కొయ్య సింహాసనం వరకు సాగిన దూరమే ఈ వ్యాసం చెప్పదలచిన చరిత్ర.

6. తెలుగు వడ్రంగి, ఆంగ్ల కుర్చీ

కుర్చీ దిగుమతి సరుకు కాబట్టి వలస జాడ అనుకోవడం పొరపాటు. ఐరోపా తరహా సామానును తయారుచేసిన చేతులలో తెలుగు చేతులున్నాయి. 18వ శతాబ్దిలో విశాఖపట్నం కంసాలి పనివారు కుంపిణీ అధికారుల కోసం ఇంగ్లీషు నమూనాల కుర్చీలు, రాతబల్లలు, అద్దాల పెట్టెలు చేసేవారు. కరక్కాయ రంగు కొయ్యలోనో నల్లచేవలోనో దంతపు రేకులు పొదిగి, వాటిపై తీగలు, పువ్వులు చెక్కి, ఆ గాట్లలో నల్లని లక్క నింపడం ఆ పనితనపు గుర్తు. ఆ వస్తువులు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల నేటికీ ఉన్నాయి.

ఈ విశాఖపట్నం ఉత్తర సర్కారులలోనిది. ఒకనాడు నిజాం రాజ్యభాగమైన ఆ సర్కారులను 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1766 ఒప్పందంతో నిజాం అలీ ఖాన్ వాటిని కుంపిణీకి వదులుకున్నాడు. కుర్చీ చేయడం తెలిసిన తెలుగు వడ్రంగి అలా కుంపిణీ పాలిత ప్రజ అయ్యాడు. మరో శతాబ్దానికి నిజాం ఇంటికి కుర్చీ వచ్చినప్పుడు దానితోపాటు వచ్చిన ప్రతిష్ఠ మాత్రం లండనుది, పనివాడిది కాదు. వస్తువుకు విలువ తెచ్చేది పనితనమే అయినా, ఆ విలువకు పేరు పెట్టేది అధికారం.

7. మాటల్లో మిగిలిన సామాను

ఇళ్ళలోని సామాను శిథిలమైనా దాని పేర్లు భాషలో మిగులుతాయి. తెలుగువారి నిత్యవ్యవహారంలో ఉన్న కొన్ని మాటలు ఈ చరిత్రకు పొరలుపొరలుగా సాక్ష్యమిస్తాయి.

"కుర్చీ" ఇంగ్లీషు మాట కాదు. అరబ్బీ "కుర్సీ" పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చిన రూపం. కనుక కాళ్ళున్న ఆసనం దక్కనుకు కొత్త కాదు. కొలువులో దాన్ని ఎవరికి వేయాలన్న నియమమే కొత్తది. "మేజువాణి"లో పారశీక "మేజ్" దాగివుంది. అతిథికి బల్ల వేసి ఆదరించడమనే అర్థమున్న "మేజ్‌బానీ" తెలుగు జమీందారీ లోగిళ్ళకు వచ్చి వేశ్యల ఆటపాటల వేడుకగా మారింది. "అలమార" పోర్చుగీసు "అర్మారియో"నుంచి వచ్చింది. "బీరువా" ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల "బ్యూరో"కు మారురూపం. అది రాతబల్ల అర్థాన్ని వదిలి మన ఇళ్ళలో బట్టలు, నగలు దాచే ఇనుప పెట్టెగా స్థిరపడింది.

"టీపాయి" కథ మరీ ఆసక్తికరం. మూడు కాళ్ళది అనే అర్థమున్న హిందుస్తానీ "తిపాయి"ని ఆంగ్లేయులు తమ భాషలోకి తీసుకొని, మొదటి అక్షరాన్ని బట్టి తేనీటితో ముడిపెట్టారు. ఆ మాట తిరిగి మన ఇళ్ళకు నాలుగు కాళ్ళతో, తేనీటి కప్పుతో వచ్చింది. "సొరుగు" మాత్రం అచ్చమైన తెలుగు. లోనికి దోపడమనే అర్థమున్న క్రియనుంచి పుట్టిన ఈ మాట, పరాయి బల్లలోని ఒక భాగానికి మనవాళ్ళు తమ చేతి కదలికను బట్టి పెట్టుకున్న పేరు. వలస ఎప్పుడూ ఒకే దిక్కున సాగలేదని, మనవాళ్ళు ఊరికే పుచ్చుకొని ఊరుకోలేదని ఈ మాటలు చెబుతాయి.

8. చెప్పులు విప్పినవారు

ఇంతవరకు చెప్పిన కథలో ఇద్దరే ఉన్నారు, ప్రభువు, రెసిడెంటు. మొదట అడిగిన మూడు ప్రశ్నలలో "ఎదుట ఎవరు నిలబడ్డారు" అన్నదానికి సమాధానం చెప్పకపోతే ఈ చదువు అసంపూర్ణం.

నిజాం సొంత ఖర్చులకు సర్ఫ్-ఎ-ఖాస్ భూములుండేవి. హైదరాబాదు చుట్టుపక్కల గ్రామాలు అనేకం వాటిలో ఉన్నాయి. 1949లో అవి ప్రభుత్వ భూములలో కలిసేవరకు వాటి ఆదాయం ప్రభువు ఇంటిదే. మహళ్ళలోని కుర్చీకి, దీపానికి, గాజు పాత్రకు మూలధనం ఆ భూములను దున్నిన రైతుల శిస్తు. ఆ రైతులు కుర్చీ ఎరగరు. అంతకన్నా ముఖ్యంగా, తెలంగాణ గ్రామాలలో దేశ్‌ముఖుల గడీ ముందునుంచి నడిచేటప్పుడు చెప్పులు విప్పి చేతబట్టుకోవడం, దొర ఎదుట మంచం దిగి నిలబడడం, "బాంచెను, కాల్మొక్తా" అనడం 1940ల వరకు బతుకు నియమాలుగా ఉండేవి. తెలంగాణ రైతాంగ పోరాట జ్ఞాపకాలలోనూ, దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" వంటి నవలలలోనూ గడీ ముందు మనిషి నిలబడవలసివచ్చిన తీరు నమోదైంది.

1869లో సాండర్స్ సాధించినది చెప్పులతో లోపలికి వెళ్ళే హక్కు. అదే రాజ్యంలో దున్నేవాడికి చెప్పులతో వీధిలో నడిచే హక్కు కోసం మరో ఏడు దశాబ్దాలు పోరాటం అవసరమైంది. ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టినప్పుడు రెసిడెంటు పట్టుదల అసలు స్వభావం బయటపడుతుంది. మనుషులంతా సమానమని ఆయన వాదించలేదు. చెప్పులు విప్పించే నియమం తనకు వర్తించరాదన్నాడు, అంతే. ఆ నియమం కింది మెట్లలో యథాతథంగా మిగిలింది. పై మెట్టున అవమానపడిన అధికారం కింది మెట్టున తన కాఠిన్యాన్ని సడలించుకోలేదు. వలసపాలనకు కూడా అది సడలడం అవసరం కాలేదు. గడీల రాబడితోనే నిజాం ఇల్లు, నిజాం ఇంటి విధేయతతోనే రెసిడెన్సీ నడిచాయి.

9. ముగింపు

చౌమహల్లా 2005నుంచి సందర్శకులకు తెరిచివుంది. ఫలక్‌నుమా 2010నుంచి విలాస హోటలుగా నడుస్తోంది. రెసిడెన్సీ 1949లో మహిళా కళాశాల అయింది. ఈ మూడింటిలోని సామానును నేడు రెండు రకాలుగా వర్ణిస్తున్నారు. ఒకటి పోగొట్టుకున్న వైభవం, మరొకటి పరాయి మోజు. మొదటిది ఆ వస్తువుల వెనుక ఉన్న ఒత్తిడిని మరచిపోతుంది. రెండోది ఆ ఒత్తిడి కిందనే వాటిని తమవిగా మలచుకున్న ఇంటివారి తెలివిని, తయారుచేసిన పనివారి నైపుణ్యాన్ని మరచిపోతుంది. రెండూ శిస్తు కట్టినవాడిని తలచుకోవు.

ఈ వ్యాస పరిశీలనలో తేలిన అంశాలు మూడు. మొదటిది, నిజాం కొలువులో కుర్చీ అభిరుచికి ముందు షరతుగా వచ్చింది, కాబట్టి దాని కాలక్రమాన్ని ఒప్పందాల కాలక్రమంతో కలిపి చదవాలి. రెండోది, అతిథి గదిలోని వస్తువుకూ లోపలి గదిలోని వస్తువుకూ వలసపాలనతో ఉన్న సంబంధం ఒకటి కాదు. మూడోది, ఆసనాల చరిత్రను ప్రభువు, రెసిడెంటుల మధ్య ఆపకుండా గడీ ముందు నిలబడినవాడి వరకు తీసుకురావాలి. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాల ఇళ్ళలోని సామానును కూడా ఇదే పద్ధతిలో పరిశీలించవలసి ఉంది. ఆ ఇళ్ళలో చాలా వస్తువులు వేలాల్లో చెదిరిపోతున్నందున ఈ పని ఆలస్యం కాకూడదు.

ఒకప్పుడు అధికారం దక్కడాన్ని "గద్దెనెక్కడం" అన్నాం. నేడు పత్రికల్లో "కుర్చీ కోసం పోరు", "కుర్చీ దిగాడు" అని చదువుతున్నాం. గద్దె స్థానంలోకి కుర్చీ వచ్చిన మార్పు మహళ్ళలోనే కాదు, మన భాషలోనూ పూర్తయింది. "పెద్దపీట" మాత్రం ఇంకా మన నోట ఉంది. అది ఎవరికి వేస్తున్నాం, ఎవరిని ఇంకా నిలబెట్టే ఉంచుతున్నాం అన్న ప్రశ్న మ్యూజియం గదులలో ముగిసేది కాదు.